మూత తీయకుండానే పాతదంటారా?

మా రోజుల్లో ఆఫీసు కంప్యూటరు నెమ్మదించిందంటే ముందు స్క్రూడ్రైవరు అడిగేవాళ్ళం. ఇప్పుడు మా పలివెలలో అయినా, పక్కన కొత్తపేటలో అయినా, ఎవరిని పిలిచినా ముందు కొత్తదాని ధర చెబుతున్నారు. సీపీయూ మూత తీయరు, లోపల ఏ బోర్డు ఉందో చూడరు. "పాతదైపోయిందండీ, తీసేయండి" అని నిలబడే తేల్చేస్తారు. కొబ్బరి వ్యాపారం ఆఫీసులో ఏళ్ళ తరబడి లెక్కలు రాసి, అక్కడి కంప్యూటర్ల బాగోగులూ చూసినవాణ్ణి. నాకీ మాట మింగుడుపడదు. చేలో మోటారు కాలిపోతే పారేస్తున్నామా? వైండింగ్ కట్టించి మళ్ళీ దింపుతాం. కంప్యూటరుకు మాత్రం ఆ మర్యాద ఎందుకు లేదు?

1998 నవంబరు 4న రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 'కార్డ్' పథకం మొదలై, దస్తావేజులు కంప్యూటరు ఎక్కాయి. ఆ తర్వాతే మా వైపు వ్యాపారుల ఆఫీసుల్లోకీ ఒక్కొక్కటిగా వచ్చాయి. వాటిని ఎంత కనిపెట్టుకుని ఉండేవాళ్ళమో! ఈ కాలవగట్ల తేమకు ర్యామ్ కాళ్ళు మసకబారేవి. బీప్‌మని అరిచిందంటే ర్యామ్ తీసి, పిల్లలు వాడే రబ్బరుతో ఆ ఇత్తడిరంగు గీతలు తుడిచి మళ్ళీ నొక్కేవాళ్ళం. స్విచ్చి వేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీద మూడు వోల్టుల బిళ్ళ బ్యాటరీ మార్చేవాళ్ళం. రెండో హార్డ్ డిస్క్ పెట్టాలంటే వెడల్పాటి ఐడీఈ కేబుల్, డిస్క్ వెనక చిన్న జంపరు. ఆ జంపరు సరిగా పెట్టకపోతే రెండు డిస్కులూ కనిపించేవి కావు. సామాను కోసం రాజమండ్రి వెళ్ళేటప్పుడు బోర్డు నంబరు కాగితం మీద రాసుకుని వెళ్ళేవాళ్ళం. దుకాణంలో మొదట అడిగేది అదే. "ఏ బోర్డండీ?"

ఇప్పటి కుర్రాళ్ళు అడగని ప్రశ్న అదే. పాత కంప్యూటరుకు కొత్త సామాను వేయడమంటే ఏది దొరికితే అది దూర్చడం కాదు, జత కుదర్చడం. డీడీఆర్3 బోర్డులో డీడీఆర్4 ర్యామ్ పట్టదు. గాడి వేరు, వోల్టేజీ వేరు. మొదటిది 1.5 వోల్టులు, రెండోది 1.2. ప్రాసెసరు సంగతి ఇంకా కష్టం. ఇంటెల్ ఆరు, ఏడు తరాల బోర్డుకూ ఎనిమిదో తరం ప్రాసెసరుకూ పిన్నుల లెక్క 1151 అని ఒకటే ఉంటుంది. అయినా ఆ పాత బోర్డులో ఈ కొత్తది పనిచేయదు. లెక్క కలిసింది కదా అని కొన్నవాడి డబ్బు పోయినట్టే. 32 బిట్ల విండోస్ ఉన్నచోట ఎనిమిది జీబీ ర్యామ్ వేసినా నాలుగుకు మించి వాడుకోదు. ఇవన్నీ తెలిసినవాడు పని మొదలుపెట్టే ముందే మీకు చెప్పాలి.

మొన్న మా పాత ఆఫీసులో జరిగిందీ ఇదే. నాలుగో తరం ప్రాసెసరు, నాలుగు జీబీ డీడీఆర్3 ర్యామ్, ఎప్పటిదో హార్డ్ డిస్క్. పొద్దున్నే స్విచ్చి వేస్తే టీ తాగి వచ్చేదాకా లెక్కల ప్రోగ్రాం ట్యాలీ తెరుచుకునేది కాదు. వచ్చిన కుర్రాడు కొత్తది కొనమన్నాడు. నేను మూత తీయించాను. దుమ్ము ఊదించి, ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టు మార్పించి, పాత డిస్క్ స్థానంలో సాటా ఎస్ఎస్‌డీ, ఖాళీ గాడిలో మరో నాలుగు జీబీ ర్యామ్ వేయించాను. అసలు జబ్బు ప్రాసెసరుది కాదు, డిస్క్‌ది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్ళెం మీద తలకాయ అటూ ఇటూ పరిగెత్తి ఒక్కో ముక్కా వెతకాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అడిగిన చోటి నుంచి వెంటనే ఇస్తుంది. ఇప్పుడు గుమస్తా కుర్చీలో కూర్చునేసరికి ట్యాలీ సిద్ధంగా ఉంటోంది. కొబ్బరి లోడు బిల్లు కోసం లారీ డ్రైవరు గుమ్మంలో నిలబడే పని లేదు.

తయారుచేసేవాళ్ళ మీద కూడా నాకు కోపమే. 1995లో వచ్చిన ఏటీఎక్స్ కొలతల పుణ్యమా అని ఆనాటి డబ్బాలో ఈనాటి బోర్డు బిగించవచ్చు. అంత దూరం ఆలోచించి పెట్టిన కొలతలవి. ఇప్పటి చిన్న డబ్బాలు కొన్నిటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. కొన్నిటికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ వాళ్ళదే తప్ప బజారులోది పట్టదు. పైగా విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువాటిని దాదాపుగా ఒప్పుకోదు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. నడుస్తున్న యంత్రాన్ని కాగితం మీద ముసలిదని రాసేశారు. బ్యాంకు పనులు చేసే కంప్యూటరుకు కొత్త రక్షణలు అందకపోతే ప్రమాదమే, అక్కడ మొండితనం పనికిరాదు. కానీ ఉత్తరాలు, జాబితాలు టైపు చేసుకునే దానికి ఉచితంగా దొరికే లినక్స్ ఉంది. నెట్ తీగ పీకేసి బిల్లులు కొట్టుకునే దానికి ఆ బెడదా లేదు.

అన్నిటినీ బతికించమని అనను. డీడీఆర్2 నాటి బోర్డు మీద డబ్బు పోయడం దండగ. దానికి ర్యామ్ కొత్తది దొరకదు, దొరికిన పాతదానికి భరోసా లేదు. అలాంటిదాన్ని పాత ఇనుప సామాన్లవాడికి వేయకండి. రాగి కోసం తీగలు కాలిస్తే ఆ పొగ మన ఊళ్ళోనే తిరుగుతుంది, బోర్డులోని సీసం మన మట్టిలోనే దిగుతుంది. ఈ చెత్తను గుర్తింపు ఉన్న రీసైక్లింగు వాళ్ళకే చేర్చాలన్న నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి.

కాబట్టి ఆఫీసు నడిపేవాళ్ళకు నా మాట ఒక్కటే. కొత్తదానికి చెక్కు రాసేముందు ఫైళ్ళన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయించండి, మీ ఎదుటే మూత తీయించండి, బోర్డు నంబరు రాయించుకోండి. ఏది పాడైందో, దానికి ఏది జత కుదురుతుందో చెప్పమనండి. చెప్పలేనివాడికి మీ కంప్యూటరు అప్పగించకండి.