హెచ్-1బీ కాపురం: నిబంధనలతో పాటు పరుగెత్తేవారికి కొన్ని సూచనలు

అమెరికా వీసా నిబంధనలు ఎప్పటికప్పుడు తెలుసుకుంటూ ఉండటం కష్టమని చాలామంది అపోహపడతారు. కష్టమేమీ లేదు. వేరే పనులు పెట్టుకోకుండా ఉంటే చాలు.

ముందుగా వీసా బులెటిన్ చదవడం నేర్చుకోండి. మామూలు తెలుగువాడికి పంచాంగ శ్రవణం ఏడాదికోసారి, ఉగాదినాడు. డాలస్‌లో ఉన్న తెలుగువాడికి నెలకోసారి. గ్రీన్‌కార్డు వంతు ఎవరిదాకా వచ్చిందో చెబుతూ అక్కడి విదేశాంగ శాఖ విడుదల చేసే పట్టికలో ‘ఇండియా’ అన్న గడి వెతకండి. అందులో ఉన్న తేదీకన్నా మీ ప్రయారిటీ డేట్ ముందుదైతే మీరు కరెంట్. కాకపోతే వచ్చే నెల మళ్ళీ చూడండి. ఎంత నిదానమైనా తేదీ ముందుకే కదా నడిచేది అని సర్దుకోవద్దు. 2022 సెప్టెంబరులో ఈబీ-2 ఇండియా గడిలో 2014 డిసెంబరు 1 ఉంది. అక్టోబరుకు అది 2012 ఏప్రిల్ 1 అయింది. డిసెంబరు వచ్చేసరికి 2011 అక్టోబరు 8. శనికైనా ఇంత వక్రగతి ఉండదు.

కారణం అడుగుతారేమో. 1990 నాటి చట్టం ప్రకారం ఏ దేశంలో పుట్టినవారికైనా గ్రీన్‌కార్డుల కోటాలో 7 శాతమే. ఐస్‌లాండ్‌కూ అంతే, ఇండియాకూ అంతే. సమానత్వం అంటే అదీ.

దీనికి సిసలైన విరుగుడు వేరే దేశంలో పుట్టడం. లెక్కలోకి వచ్చేది పాస్‌పోర్టు కాదు, పుట్టిన ఊరు. మీరు తొందరపడి తణుకులో పుట్టేసి ఉంటే, కనీసం పెళ్ళి దగ్గరైనా జాగ్రత్తపడండి. జీవిత భాగస్వామి పుట్టిన దేశం కోటాలో మీరూ దూరిపోవచ్చని నిబంధనలు ఒప్పుకుంటాయి. అందుకే పెళ్ళిచూపుల్లో అమ్మాయి తండ్రి, “మేం అప్పట్లో మస్కట్‌లో ఉండేవాళ్ళమండీ, పాప అక్కడే పుట్టింది” అనగానే అబ్బాయి మేనమామ కాఫీ గ్లాసు కింద పెట్టి, “నక్షత్రం సంగతి తర్వాత చూసుకుందాం బావగారూ, బర్త్ సర్టిఫికెట్ ఉందా?” అనాలి. జాతకంలో జన్మస్థలం ఎందుకు రాస్తారో మన పెద్దలు మాటవరసకైనా చెప్పలేదు.

ఇక ప్రయాణాలు. సొంతూరు వచ్చినప్పుడు పెట్టె విప్పవద్దు. 2025 సెప్టెంబరు 19 శుక్రవారం, అంటే మనకు తెల్లారితే శనివారం, హెచ్-1బీకి లక్ష డాలర్ల రుసుమంటూ అమెరికా అధ్యక్షుడు ప్రకటన జారీ చేశారు. అమల్లోకి వచ్చేది మన గడియారం ప్రకారం ఆదివారం పొద్దున 9 గంటల 31 నిమిషాలకు. ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. సెలవు పెట్టి బతుకమ్మకని వచ్చిన ఆడపడుచుకు తంగేడుపూల కన్నా ముందు కంపెనీ నుంచి మెయిల్ అందింది: ఉన్నపళంగా తిరిగి రండి. అవతల శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇండియాకు బయల్దేరడానికి విమానమెక్కి కూర్చున్నవాళ్ళు దిగిపోయారు. ఈ రుసుము ఏటా కట్టాలని వాణిజ్య మంత్రి శుక్రవారం అన్నారు. ఒక్కసారే, అదీ కొత్త దరఖాస్తులకే అని శ్వేతసౌధం శనివారం చెప్పింది. ఈలోపల టికెట్ ఎంతైనా పెట్టి కొన్నవాళ్ళు ఎటూ కొనేశారు. కాబట్టి ప్రకటన వచ్చిన రోజున కంగారుపడాలి, మర్నాడు నిదానించాలి. రెండూ ఒకే రోజు చేస్తే బీపీ వస్తుంది.

స్టాంపింగ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, ఎందుకంటే మీరు ఇది చదివేలోపు మారిపోతుంది. నిన్నమొన్నటిదాకా డ్రాప్‌బాక్స్‌లో కాగితాలు పడేసి వచ్చినవాళ్ళు 2025 సెప్టెంబరు 2 నుంచి చాలామటుకు ఇంటర్వ్యూకే వెళ్ళాలి. డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్ళు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా తెరిచిపెట్టాలి. ఇన్నేళ్ళూ పెద్దత్తయ్య కంట పడకుండా దాచిన గోవా ఫొటోలు ఇక దేశాల మధ్య వ్యవహారం. ఆ నెలలో స్టాంపింగ్‌కని వచ్చి, ఇంటర్వ్యూ నెలల తరబడి వాయిదా పడి ఇక్కడే చిక్కుకుపోయినవాళ్ళు నిరుత్సాహపడనక్కర్లేదు. సంక్రాంతి ఎటూ కలిసొచ్చింది. రాత్రి షిఫ్టులో అమెరికా పని, పగలు స్లాట్ల కోసం ఫోను రిఫ్రెష్ చేసే పని. ఈ రెండోదానికి అందరికన్నా పనికొచ్చేవాళ్ళు రిటైరైన నాన్నలు. ట్రెజరీలో ముప్ఫయ్యేళ్ళు చేసిన మనిషికి, ఫలానా సర్క్యులర్ ఫలానా సర్క్యులర్‌ను రద్దు చేస్తుందని ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

చిలుకూరు మరవకండి. ఈ వ్యవహారం మొత్తంలో నిబంధన మారనిది అక్కడొక్కచోటే: కోరుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. రుసుము లేదు, హుండీ కూడా లేదు. అయితే లాటరీలో పేరు రాగానే అంకెల కార్డు పట్టుకుని, ఒక్కో గడీ టిక్కు పెట్టుకుంటూ 108 పూర్తి చేసేయకండి. పిటిషన్ ఆమోదం, స్టాంపింగ్, ఎయిర్‌పోర్టులో అధికారి ముద్ర ఇంకా మిగిలే ఉంటాయి. కోరిక దేనికి కోరారో మొదటే స్పష్టంగా చెప్పుకుంటే స్వామికీ వెసులుబాటు.

అన్నీ చేశాక కూడా కడుపు మండితే నిరసన తెలపవచ్చు. దీనికి పూర్వోదాహరణ ఉంది. 2007 జూలై బులెటిన్‌లో ఉద్యోగ కేటగిరీలు దాదాపు అన్నీ కరెంట్ అయ్యాయి. జనం మెడికల్ పరీక్షలు చేయించుకుని, ఫైళ్ళు కట్టుకుని సిద్ధమయ్యేసరికి, జూలై 2న వీసాలైపోయాయి పొమ్మన్నారు. మనవాళ్ళు గాంధీగిరీకి దిగి ఇమ్మిగ్రేషన్ డైరెక్టరుకు పూలగుత్తులు పంపారు. అదంతా ‘లగే రహో మున్నాభాయ్’ ప్రభావం; తెలుగులో ‘శంకర్‌దాదా జిందాబాద్’ ఆ నెలాఖరుకు గానీ విడుదల కాలేదు. ఆయన ఆ పూలను గాయపడిన సైనికుల ఆసుపత్రికి మళ్ళించారు. జూలై 17న ప్రభుత్వం వెనక్కి తగ్గి దరఖాస్తులు తీసుకుంది.

మీరూ పంపండి. పూలగుత్తికి కట్టే కార్డు మీద సొంత పేరు రాయవచ్చో లేదో మాత్రం ముందుగా లాయరుకు మెయిల్ పెట్టి కనుక్కోండి. ‘చెప్పలేం, పరిస్థితిని బట్టి ఉంటుంది’ అని జవాబు వస్తుంది, బిల్లుతో సహా.