నీళ్ళ మీద గీత

చికాగో తల్లీ, నీ పనితనం ఇంకే ఊరికీ రాదు. నేల మీద గీత ఎవరైనా గీస్తారు. నువ్వు నీళ్ళ మీద గీశావు, అది నిలిచింది.

1919 జులై 27, ఆదివారం. ఎండకి తాళలేక కొందరు నల్లపిల్లలు తెప్ప వేసుకుని మిషిగన్ సరస్సులో ఆడుకుంటున్నారు. తెప్ప కొట్టుకుపోయి, 29వ వీధి దగ్గర తెల్లవాళ్ళు తమవనుకున్న నీళ్ళలోకి చేరింది. గట్టు మీంచి ఒకడు రాళ్ళు విసిరాడు. 17 ఏళ్ళ యూజీన్ విలియమ్స్ మునిగి చనిపోయాడు. ఆపైన చెలరేగిన కొట్లాటల్లో 38 మంది పోయారు, వాళ్ళలో 23 మంది నల్లవాళ్ళు. కంటికి కనబడని ఆ హద్దు ఎక్కడుందో రాయి పట్టుకున్నవాడికి తెలుసు. అంత బాగా నేర్పావు.

పొగుడుతూ నిలదీయడం మాకు పాత అలవాటే. కృష్ణాతీరాన శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువుని కాసుల పురుషోత్తమకవి శతకం పొడుగునా అలాగే నిలదీశాడు. పరాయివాళ్ళతో అంత చనువు ఎవరికీ ఉండదు. నీ దగ్గర నేను రెండు ఎండాకాలాలు గడిపాను. నీ సరస్సు గాలి ఒంటికి తగిలితే ఇల్లు గుర్తొచ్చేది. అందుకే ఈ మాటలు.

నీ ఆదరణ సంగతి చెప్పనీ. 1893లో వివేకానందుడికి నువ్వు చప్పట్లు కొట్టావని మా బడిపుస్తకాల్లో చదువుకున్నాం. అదే ఏడు నీ ప్రపంచ ప్రదర్శనలో నాన్సీ గ్రీన్ కూడా నిలబడింది. కెంటకీలో బానిసగా పుట్టి, నీ దగ్గర ఒక తెల్లవాళ్ళ ఇంట వండిపెట్టి, వాళ్ళ పిల్లల్ని సాకిన మనిషి. అరవైకి దగ్గరపడ్డ వయసు. అట్లపిండి అమ్ముకోడానికి ఆవిడ తలకి గుడ్డ కట్టించి, ఆ పిండి పేరే ఆంట్ జెమిమా అని పెట్టి, పెద్ద పిండిపీపా పక్కన పెనం ముందు నిలబెట్టారు. అట్టు తిరగెయ్యాలి, నవ్వాలి, బానిసల తోటల కాలం ఎంత చల్లగా గడిచేదో కథలు చెప్పాలి. ఎవరు చెప్పాలి? ఆ తోటల్లో కొనుగోలు సరుకుగా పుట్టినావిడ. మా ఇళ్ళలోనూ అట్లు పోసిన మనిషి అందరూ లేచాక చల్లారిన అట్టు తింటుంది. ఆవిడ నవ్వుతోందా అని ఎవరం చూసుకోం. నువ్వు ఆ నవ్వుని అట్టపెట్టె మీద అచ్చేయించి దేశమంతా పంచావు.

ఇంక నీ ఓర్పు. 1923లో ఆవిడ కారు ప్రమాదంలో పోయింది. ఓక్ వుడ్స్ శ్మశానంలో పేరైనా లేని మట్టి కింద 97 ఏళ్ళు ఉంది. ఆ నవ్వు మాత్రం ప్రతి పొద్దునా ఎవరో ఒకరి వంటింట్లో ఉంది. 2020లో బ్రాంజ్‌విల్ చరిత్ర సంఘం వాళ్ళు వెతికి రాయి వేయించారు.

నీ రాతకోతలు ఎంత దయగలవో కూడా చూశాను. 1927లో నీ రియల్ ఎస్టేట్ బోర్డు కోసం ఒక నమూనా ఒప్పందం తయారైంది. ఆ ఇంటిని నల్లవాళ్ళకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. అయితే పనిమనిషి, డ్రైవరు, ఊడ్చేవాడు ఉండొచ్చు, నేలమాళిగలోనో వెనక షెడ్డులోనో. వండే చేతికి గుమ్మం తెరిచి, ఆ చేతిగల మనిషికి మూశావు. ఆ రెంటినీ విడదీయడం తెలిసిన వకీళ్ళు నీకు దొరికారు.

1976 వచ్చేసరికి పెనం ముందు అమ్మ సరిపోలేదు, నల్లతల్లికి ఇంకో వేషం కావలసొచ్చింది. అధ్యక్ష పదవికి పోటీపడుతూ రీగన్ ఎన్నికల సభల్లో చికాగో ఆడమనిషి ఒకామె గురించి చెప్పాడు, దొంగపేర్లతో సర్కారు సాయం కింద ఏడాదికి 150,000 డాలర్లు దండుకుందని. కోర్టులో రుజువైంది 9,000 లోపు. ఆ ఒక్కామెని చూపించి, సాయం కోసం వరసలో నిలబడ్డ ప్రతి నల్లతల్లికీ వెల్ఫేర్ క్వీన్, సర్కారు సాయం తినే రాణి అని పేరు తగిలించారు. బిడ్డ పాలకి చీటీ చూపించి తలొంచుకున్న రాణి!

డొరోతీ గౌట్రో అనే తల్లి మాత్రం తలొంచుకోలేదు. సర్కారు ఇళ్ళన్నీ నల్లవాళ్ళ పేటల్లోనే ఎందుకు కడుతున్నారని 1966లో దావా వేసింది. 1968లో పోయింది. 1969లో తీర్పు ఆమె వైపు వచ్చింది. ఇలాంటివాళ్ళని బలమైన స్త్రీలని అంటావు. నిజమే, బలమైనవాళ్ళే. ఆ మాట అన్నాక ఎంత బరువైనా మోపొచ్చని, నొప్పి ఉందా అని అడగక్కర్లేదని నీకు తెలుసు.

ఇంతకీ నీ చదువు మా వాళ్ళకీ పట్టుబడింది. మా అక్క కొడుకు నీ దగ్గరికి వచ్చి ఏడాది తిరగలేదు. నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే సౌత్ సైడ్‌లోని ఓక్ వుడ్స్‌కి తీసుకెళ్ళమంటే ఫోన్‌లో దారి చూసి ఆగిపోయాడు.

"సౌత్ సైడా? అటు వద్దు పిన్నీ."

"ఎప్పుడైనా వెళ్ళావురా?"

"లేదు. అందరూ అంటారుగా."

వాడు మంచివాడు. మర్నాడు తీసుకెళ్ళాడు. ఎండలో చాలాసేపు వెతికాం. రాయి కనబడ్డాక వాడు వంగి, పేరు మెల్లగా పైకి చదివాడు, నాన్సీ గ్రీన్. ఈవిడెవరు పిన్నీ అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను.