ఇంటర్నేషనల్ లా చదువుతూ ముత్తుకూరు కదలకుండా ఉండటం ఎలా?

బీఎల్ గట్టెక్కింది. పొద్దున్నే నల్లకోటు వేసుకుని నెల్లూరు బస్సెక్కాలంటే ఒళ్లు బరువు. సీనియర్ వెనక ఫైళ్లు మోయాలంటే నామోషీ. దిగులెందుకు? ఎల్లెల్లెం ఉంది, అందులో ఇంటర్నేషనల్ లా ఉంది. ఆ మాట టీ కొట్టు దగ్గర అనండి, తిరిగి ప్రశ్న వేసేవాడుంటే చూడండి. కింద చెప్పినట్టు నడుచుకుంటే ముప్ఫై ఏళ్లొచ్చేదాకా మీ మంచం మీదే.

1. ఎల్లెల్లెం సీటుకు పెట్టే క్లాట్ పీజీ రాయండి, చదవకండి. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. కళ్లు మూసుకుని అన్నీ గీసేస్తే సగటు లెక్కన ఏడున్నర మార్కులు ఎక్కడికీ పోవు. ఇంట్లో మాత్రం "పేపరు సిలబస్‌లోంచి రాలేదు" అనండి. ఒక ఏడాది కలిసొచ్చింది.

2. "ఎక్కడ చదువుతున్నావు నాయనా?" అని అత్తయ్య ఫోన్ చేస్తే "దామోదరం సంజీవయ్య దగ్గరే ఉన్నా" అనండి. ఆమె విశాఖ పక్కన సబ్బవరంలో ఉన్న లా యూనివర్సిటీ అనుకుంటుంది. మన నేలటూరు థర్మల్ కేంద్రానికీ అదే పేరు. పొగగొట్టం మేడ మీంచి కనబడుతూనే ఉంటుంది. ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

3. ఖర్మ కాలి సీటొస్తే జాగ్రత్త. యూజీసీ పుణ్యమా అని ఏడాది ఎల్లెల్లెం ఒకటుంది: 24 క్రెడిట్లు, మూడు తప్పనిసరి పేపర్లు, ఆరు ఐచ్ఛికాలు, ఒక డిసర్టేషన్. ఏమరుపాటుగా ఉన్నారో, ఏడాదిలో అయిపోతుంది! అందుకే చేరకముందే అడ్డుపుల్ల వేయండి. ఏడాది కోర్సు ఎత్తేస్తామని 2021 జనవరిలో బార్ కౌన్సిల్ నిబంధనలు తెచ్చింది, వాటి మీద కొందరు సుప్రీంకోర్టుకెక్కారు. "అక్కడ తేలనీ, అప్పుడు చేరతా" అనండి. కోర్టులో తేలడమంటే ఏమిటో మన పొలం గట్టు తగాదా చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

4. డిసర్టేషన్ ఎత్తిరాయండి, కానీ తూకంగా. యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక పది శాతం లోపైతే ఏమీ అనరు. నలభై లోపైతే ఆరు నెలల్లో దిద్ది తెమ్మంటారు. నలభై నుంచి అరవై మధ్య దొరికితే ఏడాదిపాటు ఇవ్వనివ్వరు. అరవై దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. కనుక నలభై ఒకటికి గురిపెట్టండి. ఏడాది సెలవు, సర్కారు ముద్రతో! డెబ్బైకి కక్కుర్తి పడినవాడు మర్నాడే పనికి పోవాల్సొస్తుంది.

5. ఇదొక్కటీ బాగా గుర్తుపెట్టుకోండి. రొయ్యల గుంట వైపు చూడకండి. "అమెరికావోళ్లు పన్నేశారంట, కౌంటు రేటు పడిపాయె. నువ్వు చదివేది ఇదే గదరా?" అని నాయన అడుగుతాడు. నిజానికి అదే. ప్రపంచ వాణిజ్య సంస్థలో పేరుమోసిన కేసుల్లో ఒకటి రొయ్యదే. తాబేళ్లు తప్పించుకునే సాధనం వలకు లేకపోతే మీ రొయ్యలు కొనం అంది అమెరికా. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి కేసు పెట్టాయి. తాబేళ్లను కాపాడటం మంచిదే గానీ దేశానికో తీరుగా అమలు చేశారు పొమ్మని 1998లో అప్పీలు తీర్పొచ్చింది. గుంటలో పెంచిన రొయ్యకు ఆ నిషేధం తగలదు కూడా. ఇవన్నీ చెప్పారంటే నాయన రేపటి నుంచి ఎగుమతిదారుల దగ్గరికి మిమ్మల్నే పంపుతాడు. "అది మూడో సెమిస్టర్‌లో వస్తుంది" అని దుప్పటి లాక్కోండి. ఏడాది కోర్సులో మూడో సెమిస్టర్ ఎక్కడిదని ఆయన అడగడు. ఒక గుంట అమ్మి ఫీజు కట్టిన మనిషికి అడగాలన్నా భయమే.

6. పెద్దవాళ్ల పేర్లు వాడండి. అప్పటి కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు హాంబర్గ్‌లోని సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌లో 1996 నుంచి 2017 దాకా జడ్జి, మధ్యలో మూడేళ్లు అధ్యక్షుడు. "ఆయనది పల్లెటూరే, మనదీ పల్లెటూరే" అని ఆపేయండి. పైగా ఆయన ఊరికి సముద్రం లేదు, మనకుంది!

7. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఉండదు. దరఖాస్తు పెట్టకుండానే "ఊరికే చేయమన్నారు, నేనే వద్దన్నా" అని చెప్పుకోండి. పెళ్లిచూపుల్లో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఒకటి రెండు సంబంధాల వరకు.

8. ఆఖరున బాబాయ్ వస్తాడు. కృష్ణపట్నం పోర్టులో గుమాస్తా పని ఉంది, సోమవారం రమ్మన్నారు అంటాడు. కంగారు పడొద్దు. "నేను చదివింది తీరానికి పన్నెండు నాటికల్ మైళ్ల అవతలి సంగతి బాబాయ్. గేటు ఇవతల ఎట్టా కూర్చునేది?" అనండి. ఆయన కాసేపు మీ మొహం చూసి, ఆ పని అల్లుడికి ఇప్పిస్తాడు. ఫ్యాను మూడులో పెట్టుకుని పడుకోండి.