టీడీఎస్ జోస్యం

హైదరాబాద్‌లో అద్దె ఇంట్లోకి దిగిన వారం తిరక్కుండానే తలుపు తట్టేవాళ్లలో పాలబ్బాయి, పేపరబ్బాయి తర్వాత నీళ్ల జ్యోతిష్కుడు వస్తాడు. మెడలో ట్యాగు, భుజాన సంచి, జేబులో పెన్నులాంటి మీటరు. మీ వంటింటి కుళాయి నీళ్లు గ్లాసులో పట్టి, పెన్ను ముంచి, అంకె చూసి, జాతకంలో కుజదోషం కనబడ్డట్టు నిట్టూరుస్తాడు. "నాలుగొందల ఇరవై మేడం. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

ఆ ఫోర్ ట్వంటీ నీళ్లకు వర్తిస్తుందా, నిట్టూర్పుకు వర్తిస్తుందా అన్నది తేల్చాల్సిన సంగతే. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం లీటరులో కరిగిన లవణాలు (అదే టీడీఎస్) 500 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. గత్యంతరం లేనిచోట 2000 దాకా సర్దుకోవచ్చు. అంటే ఆ నీళ్లు పరీక్ష పాసయ్యాయి. మార్కుల కాగితం చూపించి మరీ పిల్లాడు ఫెయిలయ్యాడనడం ఇతగాడి ప్రతిభ.

పైగా ఆ పెన్ను కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్నదే. లవణాలుంటే పారుతుంది, అంకె పెరుగుతుంది. అందులో పంచదార కలపండి, ఉలకదు. టైఫాయిడ్ క్రిములు ఈదుతున్నా పలకదు. చిటికెడు ఉప్పు వేస్తే మాత్రం గగ్గోలు పెడుతుంది. ఈ లెక్కన మన చారు మహా విషం.

మీటరుకు లొంగనివాళ్ల కోసం సంచిలో రెండో అస్త్రం ఉంటుంది. మీ నీళ్లొక గ్లాసులో, వాళ్ల ఆర్‌వో నీళ్లొక గ్లాసులో పోసి, రెండింట్లోనూ లోహపు కడ్డీలు దించి ప్లగ్గు పెడతాడు. నిమిషంలో మీ గ్లాసు బురదగుంటై, తుప్పు రంగు తెట్టు కడుతుంది. వాళ్ల గ్లాసు తేటగా ఉంటుంది. "చూశారా, ఇన్నాళ్లూ మీరు తాగింది ఇదే!" కాదు నాయనా, ఆ తుప్పు నీ కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారితే ఇనుము కరిగి తెట్టు కడుతుంది. లవణాలు లేని నీళ్లలో కరెంటు సరిగ్గా పారదు, కడ్డీ కరగదు. ఈసారి వచ్చినప్పుడు వాళ్ల గ్లాసులోనూ చిటికెడు ఉప్పు వేసి ఆట మళ్లీ ఆడమనండి. సర్వీసు కాల్ వచ్చిందంటూ లేచిపోతాడు.

ఇంతకీ అమ్మేదేమిటంటే, గోడకు బిగించే ఆర్‌వో. లీటరు మంచినీళ్లిచ్చి, అంతకు రెండు మూడింతలు సింకులోకి వదిలే యంత్రం. లవణాలన్నీ తీసేస్తే నీళ్లు చప్పగా ఉంటాయని అందులో "టీడీఎస్ కంట్రోలర్" పెడతారు. అదేం చేస్తుందనుకున్నారు? ఆర్‌వో పొరను తప్పించుకొచ్చిన నీళ్లను తెచ్చి వడగట్టిన నీళ్లలో కలుపుతుంది! అదీ చాలదన్నట్టు, ఉన్న ఖనిజాలు తీసేసినందుకో ధర, లేని ఖనిజాలు కలిపే కార్ట్రిడ్జికి ఇంకో ధర. టీడీఎస్ 500 లోపున్నచోట ఆర్‌వోలు వాడనివ్వొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. ఆ కబురు మన అపార్ట్‌మెంటు లిఫ్టు దాకా రాలేదు.

ఆర్‌వో అక్కర్లేదని నేననను. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసిన నల్లగొండ జిల్లాలో ఆ మాటంటే పాపం. అక్కడి నీళ్ల కోసమే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే "నల్లగొండ పద్ధతి" పుట్టింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ప్రమాదం. మరి వందల్లో లెక్కపెట్టే మన పెన్ను, అందులో ఒకటిన్నర ఎవరిదో చెప్పగలదా?

మంజీరా, కృష్ణా నీళ్లొచ్చే అద్దె ఇంటికి, ఇల్లు మారినప్పుడు చంకలో పెట్టుకుపోయే ఫిల్టరు చాలు. క్యాండిళ్ల స్టీలు ఫిల్టరో, సన్నరంధ్రాల యూఎఫ్ పొర ఉన్న డబ్బానో. పొయ్యి ఉన్నవాళ్లకు మరగబెట్టే సౌకర్యం ఎలాగూ ఉంది. అయితే ఆ ఫిల్టరు కొన్నవాళ్లూ ఆన్‌లైన్‌లో ఓ మీటరు తెప్పించుకుని, "ముందు 420, తర్వాతా 420, మోసం!" అని ఏడుస్తారు. క్యాండిల్ పని క్రిముల్ని, మట్టిని ఆపడం. ఉప్పును ఆపుతానని అదెప్పుడూ మాటివ్వలేదు. ఇక కార్బన్ జగ్గు క్లోరిన్ వాసన తీస్తుంది, అంతే. ఆల్కలైన్ సీసాల సంగతి ఎత్తను. కడుపులో ఆమ్లం వాటి సంగతి చూసుకుంటుంది.

జ్యోతిష్కుడు ఒక్కటి మాత్రం అడగడు, ఈ నీళ్లు ఎటునుంచి వచ్చాయని. క్లోరిన్ కలిపి పంపిన నీళ్లు ముందు సంపులో పడతాయి. ఎండాకాలం అందులోనే బోరూ, ట్యాంకరూ కలుస్తాయి. సంపు మూత ఓ మూల విరిగి ఉంటుంది, రెండడుగుల దూరంలో డ్రైనేజీ మ్యాన్‌హోల్. ఎప్పుడు కడిగారని వాచ్‌మన్‌ను అడిగితే, "నేనొచ్చాక కడగలేదు సార్" అంటాడు. వచ్చి మూడేళ్లయిందట. అసోసియేషన్ ప్రెసిడెంటు గారేమో, "మీటింగులో అద్దెకున్నవాళ్లు మాట్లాడకూడదండీ, మీ ఓనరుతో చెప్పించండి" అంటారు. ఓనరు గారుండేది డాలస్‌లో. ఫోన్ చేస్తే ఎంతో ఆప్యాయంగా మాట్లాడతారు. "అంత అనుమానమైతే ఆర్‌వో పెట్టించుకోండి బాబూ. గోడకు మాత్రం రంధ్రాలు వెయ్యకండి."