గద్వాల అంచు సమానత్వం

గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ నేతలోనే కలిపే పనితనాన్ని కుప్పడం అంటారు. కుచ్చిళ్లు పోసి కొంగు వేసుకుంటే చూసేవాళ్ల కంట పడేది పట్టే. ఈ రకంలో కొత్త సరుకు పేరు క్రికెట్ సమానత్వం. నేసింది గద్వాలలో కాదు, బీసీసీఐ మగ్గం మీద. 2022 అక్టోబర్ 27న అంగట్లోకి వచ్చింది.

దీని అంచు మ్యాచ్ ఫీజు. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టీ20కి 3. ఆడామగా తేడా లేదు. అంతకుముందు ఆడవాళ్లకు టెస్టుకు 4 లక్షలు, తక్కినవాటికి లక్షే గనుక జరీ అసలుదేనని ఒప్పుకోవాలి. కొంగు అంటే ప్రకటన. ఫొటోల్లో పడేది అదే. ఇక ఒళ్లు, వార్షిక కాంట్రాక్టు. ఆనాటికి మగవాళ్ల పై గ్రేడుకు ఏడాదికి 7 కోట్లు, ఆడవాళ్ల పై గ్రేడుకు 50 లక్షలు. అచ్చమైన నూలు. ఎండాకాలం ఒంటికి చల్లన.

గద్వాల చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందని ప్రతీతి. మహిళా క్రికెటర్ టెస్టు జీవితమూ పడుతుంది. మిథాలీ రాజ్ 19 ఏళ్ల వయసులో, 2002లో, టాంటన్‌లో ఇంగ్లండ్ మీద 214 కొట్టింది. అప్పటికి అది మహిళల టెస్టుల్లో ప్రపంచ రికార్డు. 23 ఏళ్లు దేశానికి ఆడిన ఆమెకు దక్కిన టెస్టులు 12. సచిన్‌కు 200.

నేతగాళ్ల ఇళ్లలో మగ్గం గుంటలో మగవాడు కూర్చుంటే, పక్కన రాట్నం ముందు కండెలు చుట్టేది ఆడమనిషి. కూలి చీరకు లెక్కగడతారు; కండెలకు వేరే లెక్క ఉండదు. 2005 ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టులో ఒక్కొక్కరికి మ్యాచ్‌కు వెయ్యి రూపాయలు వచ్చాయని మిథాలీయే చెప్పింది. అదీ కండెల కూలే.

2014 నవంబర్ మైసూరు టెస్టు తర్వాత 2021 జూన్ బ్రిస్టల్ దాకా భారత మహిళలకు ఒక్క టెస్టూ లేదు. ఆరున్నరేళ్లు! ఎందరి ఆట వయసో అందులోనే కరిగిపోయింది. ఆడనివ్వని టెస్టుకు 15 లక్షలైతేనేం, 15 కోట్లైతేనేం? సున్నాను దేనితో హెచ్చవేసినా సున్నాయేనని వనపర్తి బడిపిల్ల కూడా చెబుతుంది. ఆ సున్నా పక్కన సమానత్వమని రాసుకోవడానికి సిగ్గుండాలి.

నాగర్‌కర్నూలులో బ్యాటు పట్టిన పిల్లకు ముందు మ్యాచ్ పెట్టండి. ఫీజు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.