పట్టాయాకు లింకు

"అన్నా, పట్టాయానా, గోవానా, క్రెడిట్ నోటా? సాయంత్రంలోగా చెప్పెయ్." పొద్దున్నే కొట్టు షట్టరు లేపేసరికి కంపెనీ కుర్రాడి ఫోను. కంపెనీ పెట్టిన అమ్మకాల స్లాబు దాటిన పాపానికి బోనకల్‌లో పురుగు మందులు అమ్ముకునేవాడికి విహారం తప్పదు.

పోనీ క్రెడిట్ నోటు తీసుకుందామంటే టూరు విలువలో సగమేనట. అదీ వచ్చే సీజను సరుకులో తగ్గిస్తారట. జంటగా వెళ్లాలంటే స్లాబు రెట్టింపు. అంటే మా ఆవిడ సీటుకు ఇంకో లారీ సరుకు దించుకోవాలి. ఆ మాట ఇంట్లో అన్నానా, సాయంత్రం దాకా కూరలో ఉప్పు లేదు.

వాట్సాప్‌లో వచ్చిన కాగితం మీద 'అన్నీ కలిపి' అని పెద్దక్షరాలు. రెండో పేజీలో 'ఇందులో చేరనివి' అని చీమ తలకాయంత అక్షరాలు: మధ్యాహ్న భోజనం, టిప్పులు, కోరల్ ఐలాండ్‌లో ఆటలు, శంషాబాద్ దాకా చార్జీలు. 2023 నవంబరులో థాయిలాండ్ మనకు వీసా ఎత్తేసింది. ఆ ఆనందం దక్కకుండా మన ఆదాయపు పన్నువాళ్లు ముందే కాపు కాశారు. 2022 జూలై 1 నుంచి 194ఆర్ సెక్షను తెచ్చి, ఏడాదికి రూ.20,000 దాటిన ఇలాంటి 'ఉచితా'నికి 10 శాతం టీడీఎస్. ఊరికే తిరిగినందుకూ పన్నే.

చేరినవాటిలో తప్పకుండా ఉండేది రత్నాల షాపు. వెళ్లొచ్చిన ఏ డీలర్నైనా అడగండి, సముద్రం గురించి రెండు ముక్కలు, ఈ షాపు గురించి గంటసేపు చెబుతాడు. బస్సు అక్కడ ఆగాల్సిందే. చల్లటి ఏసీ, చేతికో కూల్‌డ్రింకు, గనుల గురించి సినిమా. లోపలికి ఒకటే దారి. బయటికి మాత్రం కెంపుల కౌంటరు, నీలాల కౌంటరు, మళ్లీ కెంపుల కౌంటరు. ధర అడిగితే అమ్మాయి క్యాలిక్యులేటరు నొక్కి చూపిస్తుంది. తల అడ్డంగా ఊపితే ఇంకోసారి నొక్కుతుంది. మెడ నొప్పి పుట్టినవాడు ఉంగరం కొంటాడు. మిగతావాళ్లు అతన్ని చూపించి తలుపు దాకా చేరుకుంటారు. హోటలు అంత చవగ్గా ఎలా ఇచ్చారో అప్పుడు తెలుస్తుంది.

నాకు ఒకరు చెప్పాలా? యూరియా బస్తాతోపాటు అడగని నానో ఎరువు సీసా, జింకు ప్యాకెట్టు అంటగట్టడాన్ని మా వ్యాపారంలో లింకు అంటారు. కంపెనీ మాకు పెడుతుంది, మేం రైతుకు పెడతాం. పట్టాయా బీచికి కెంపుల లింకు.

నవ్వొస్తుంది గానీ, 2021-22లో మిరపకు నల్ల తామర పురుగు పడ్డ ఏడు గుర్తొస్తే నవ్వు రాదు. పూతలో చేరి రసం పీల్చేసేది. రైతులు ఒక మందు పనిచేయలేదని ఇంకోటి, రెండూ కాదని మూడోది పట్టుకెళ్లి కొట్టారు. చివరికి తోటలే పీకేసినవాళ్లున్నారు. స్లాబు అంత తేలిగ్గా నేనెన్నడూ దాటలేదు. ఆ ఏటి ఉద్దర ఇంకా కొందరి ఖాతాల్లో అలాగే ఉంది. వాళ్లు ఎదురుపడితే ఎండల గురించి మాట్లాడి పంపిస్తాను, బాకీ మాట ఎత్తను.