ఇంట్లో చెప్పొచ్చావా?

ఈ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పరని మొన్నటిదాకా అనుకునేవాణ్ణి. చెప్పే వ్యవధి ఏదీ? అడిగినవాడు ఆపాటికి నాలుగు మెట్రో పిల్లర్లు దాటిపోయి ఉంటాడు. అడిగించుకున్నవాడు ఒక కాలు డివైడర్ మీదా, ఇంకో కాలు గాల్లోనూ పెట్టి, చేతిలో కరివేపాకు రెబ్బలతో, జారిపోయిన చెప్పు ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఉంటాడు.

కూకట్‌పల్లిలో నన్నడిగిన కారు కుర్రాడు ఇంకో మాట కూడా కలిపాడు. "ఏం పెద్దాయనా, ఇంట్లో చెప్పొచ్చావా?" అన్నాడు. చావు సంగతి సరే, ఆ 'పెద్దాయనా' మాత్రం రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు. నాకు యాభై ఆరే.

తిట్టు వరకే చూస్తే, ఇంత మర్యాదైన తిట్టు తెలుగులో ఇంకోటి లేదు. బూతు లేదు. అమ్మనీ అక్కనీ లాగడం లేదు. పైగా కుటుంబ క్షేమం విచారిస్తున్నట్టు ఉంటుంది. నువ్వెలాగూ పోబోతున్నావు, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పావా, లేక కబురు మమ్మల్నే పంపించమంటావా? ఇంత అర్థం రెండే మాటల్లో ఇమిడిపోయింది. ఇదే ఊళ్ళో ఆటోవాడు "మర్నేకా హై క్యా" అంటాడు. అందులో చచ్చేవాడు ఒక్కడే ఉన్నాడు. మన తిట్టులో ఇల్లంతా ఉంది.

మా ఇంటికీ కూరగాయల దుకాణానికీ మధ్య ఉన్నది మామూలు రోడ్డు కాదు. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి. పుణె నుంచి బందరు పోయేవాడు మధ్యలో నా కరివేపాకు కోసం ఎందుకాగుతాడు? 2017లో మెట్రో వచ్చాక ఒక సుఖం కలిగింది. ఈ పక్క మెట్లెక్కి స్టేషన్లోంచి నడిచి ఆ పక్క దిగిపోవచ్చు. టికెట్టు అక్కర్లేదు. మోకాళ్ళు మాత్రం రెండూ ఉండాలి. నాకు ఒకటే పనిచేస్తోంది కాబట్టి కిందనుంచే దాటతాను. అక్కడొక జీబ్రా ఉండేది. చారలు చెరిగిపోయిన జీబ్రాని ఏమంటారో మీకు తెలుసు. రోజూ ఆ గాడిద మీద నిలబడి చెయ్యెత్తుతాను. గుళ్ళో దేవుడు చెయ్యెత్తితే అది అభయం. భయపడుతున్నవాడే అభయహస్తం చూపించడం మన రోడ్ల మీదే చూస్తాం.

ఫుట్‌పాత్ ఎక్కొచ్చు కదా అంటారేమో. దాని మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం కిందికొచ్చే హక్కని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మా వీధిలో ఆ హక్కు మీద ఒక పునుగుల బండి, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, పార్కింగు చేసిన బుల్లెట్లూ ఉన్నాయి. వాటి మధ్య మిగిలిన సందులోంచి స్కూటర్లు వస్తాయి. వచ్చి, పక్కకి జరగమని మనకే హారన్ కొడతాయి.

పోనీ వీళ్ళకి నియమాలు తెలియవా అంటే, అందరూ పరీక్ష పాసైనవాళ్ళే. లెర్నర్ లైసెన్సు పరీక్షలో ఈ ప్రశ్న తప్పకుండా తగులుతుంది. పాదచారులు క్రాసింగ్ దగ్గర రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నారు, మీరేం చేస్తారు? హారన్ కొట్టి వెళ్ళిపోతాను అనేది ఒక జవాబు. వేగం తగ్గించి, హారన్ కొట్టి వెళ్ళిపోతాను అనేది రెండోది. బండి ఆపి, వాళ్ళు దాటాక వెళ్తాను అనేది మూడోది. కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాడూ మూడోదే నొక్కుతాడు. బయటికొచ్చి బండెక్కిన మరుక్షణం మొదటిది పాటిస్తాడు. రెండోది పాటించేవాణ్ణి మనం సంస్కారవంతుడంటాం. 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ నియమాల్లో కూడా సిగ్నల్ లేని క్రాసింగ్‌లో ముందు దాటే హక్కు నడిచేవాడిదే అని రాసి ఉంది. ఆ కాగితాన్ని కూడా ఎవరో రోడ్డు దాటించాలి.

ఇంతవరకూ చదివి నన్ను సాధుజీవి అనుకోకండి. నాకూ కారుంది.

కారెక్కగానే నాకు జరిగేదాన్ని పూర్వం పరకాయ ప్రవేశం అనేవారు. విక్రమార్కుడు దానికోసం మంత్రం నేర్చుకోవాల్సొచ్చింది, నాకు సీటు బెల్టు చాలు. బెల్టు టిక్కుమన్న క్షణంలో మోకాలి నొప్పి పోతుంది. వెంటనే రోడ్డు మీద నడిచే జనాభా అంతా నా పని చెడగొట్టడానికే పొద్దున్నే లేచారని తెలిసిపోతుంది. ఈ జబ్బు కొత్తదేం కాదు. డిస్నీ వాళ్ళు 1950లోనే 'మోటార్ మేనియా' అని ఒక చిన్న కార్టూన్ తీశారు. అందులో గూఫీ నడిచేటప్పుడు చీమని కూడా తొక్కని పెద్దమనిషి, స్టీరింగ్ ముట్టుకుంటే రాక్షసుడు. మా అమ్మాయి నాకు దాన్ని ఫోన్లో చూపించి, ఏమీ అనకుండా ఫోను వెనక్కి తీసుకుంది.

నడిచేవాడినైనా క్షమిస్తాను గానీ సైకిలువాణ్ణి క్షమించలేను. నాకు అడ్డమొస్తాడని కాదు, నన్ను దాటిపోతాడని. సాయంత్రం ఆరింటికి జేఎన్‌టీయూ దగ్గర మొదటి గేర్లో, ఏసీలో, నెలనెలా వాయిదా కట్టే పద్నాలుగు లక్షల బండిలో నేను కూర్చుని ఉంటాను. లుంగీ ఎగ్గట్టిన మనిషొకడు వెనక బియ్యం మూట కట్టుకుని, కూనిరాగం తీస్తూ నా అద్దం పక్కనుంచి ముందుకి సాగిపోతాడు. పెట్రోలు ధర ఎంతో కూడా అతనికి తెలియదు. అప్పుడు నేను తిట్టే తిట్లు అచ్చులో పెట్టదగినవి కావు. అద్దాలు ఎత్తి ఉంటాయి కాబట్టి అవి అతని దాకా వెళ్ళవు. "ఎవర్నండీ అంటున్నారు?" అంటుంది మా ఆవిడ. "అన్నీ ఇక్కడే తిరుగుతున్నాయి. నాకే తగులుతున్నాయి."

మా నాన్నగారికి తెనాలిలో సైకిలుండేది. ఏటా మునిసిపాలిటీకి డబ్బు కట్టి, లైసెన్సు బిళ్ళ తెచ్చి దానికి బిగించేవారు. రాత్రిపూట దీపం లేకపోయినా, డబుల్స్ తొక్కినా పోలీసు పట్టుకునేవాడు. అంటే సైకిలు కూడా బండే, తొక్కేవాడూ లెక్కలో మనిషే. నాన్నగారు ఇంట్లో గట్టిగా మాట్లాడి ఎరగరు. సైకిలెక్కితే మాత్రం బెల్లు ఆపకుండా మోగించేవారు. నడిచేవాడు వెంటనే తప్పుకోకపోతే "కళ్ళు నెత్తికెక్కాయా?" అనేవారు. కాబట్టి తప్పు పెట్రోలుది కాదు. కింద చక్రం తిరిగితే చాలు, కోపం పైకెక్కుతుంది.

ఇప్పుడు సైకిళ్ళకి హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన ఇరవై మూడు కిలోమీటర్ల దారి వేశారు. 2023 అక్టోబరులో ప్రారంభమైంది. పైన కప్పుంది, కప్పు మీద సౌర ఫలకాలున్నాయి. చక్కటి దారి, కాదనను. మా అపార్టుమెంటులో ఒకాయన ఆదివారం పొద్దున్నే సైకిల్ని కారు వెనక కట్టుకుని అక్కడికి వెళ్తాడు. గంట తొక్కి, మళ్ళీ కారుకి కట్టుకుని వస్తాడు. వచ్చేటప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ సైకిలు అడ్డంగా ఉందని హారన్ కొడతాడు.

అసలు సంగతి నిజాంపేట రోడ్డులో జరిగింది. చుట్టాలింట్లో గృహప్రవేశం, ముహూర్తం దాటిపోతోంది. పక్కన మా ఆవిడ పట్టుచీరలో ఉంది, కాబట్టి ఆలస్యానికి కారణం ఎవరో మేం మాట్లాడుకోవడం లేదు. ఎదురుగా ఒక ముసలాయన సైకిల్ని తోసుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. రోడ్డు తన తాతలనాటిదన్నట్టు నడుస్తున్నాడు. బ్రేకు తొక్కాను. ఈసారి తిట్టు వృథా పోకూడదని అద్దం దించి మరీ అరిచాను.

"ఏం తాతా, ఇంట్లో చెప్పొచ్చావా?"

ఆయన ఆగిపోయాడు. సరిగ్గా నా కారు ముందు. సైకిలుకి స్టాండు వేశాడు.

"చెప్పే వచ్చాను బాబూ," అన్నాడు. "పాలపేకెట్లు రెండు, కొత్తిమీర కట్ట ఒకటి తెమ్మన్నారు. పెరుగు కూడా చెప్పారా లేదా అన్నదే గుర్తు రావట్లేదు."

నిజంగానే ఆలోచిస్తున్నాడు. వెనక ఆరు బళ్ళు హారన్ కొడుతున్నాయి. వాళ్ళందరూ లోపల ఏం అడుగుతున్నారో నాకు తెలుసు, ఎవర్ని అడుగుతున్నారో కూడా తెలుసు.

"మరి మీరు చెప్పొచ్చారా?" అన్నాడు ఆయన, ఎంతో ఆప్యాయంగా.

"ఈయన చెప్పరండీ," అంది మా ఆవిడ కిటికీలోంచి వంగి. "ఎప్పుడూ చెప్పకుండానే పోతారు."

గృహప్రవేశంలో పులిహోర బాగానే ఉంది గానీ ఆ జవాబు గొంతులో అడ్డం పడింది. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 32,825 మంది నడిచేవాళ్ళు. రోజుకి తొంభై మంది. మన ఇళ్ళలో గడప దాటేవాడు 'వెళ్తున్నా' అంటే ఊరుకోరు, 'వెళ్ళొస్తా' అనిపిస్తారు. ఆ తొంభై మందీ అలాగే అని ఉంటారు.

మా ఆవిడ ఆ మర్నాటినుంచీ కరివేపాకు చీటీ మీద రాసిస్తోంది. మీరెవరైనా పొద్దున్న ఆరున్నరకి కూకట్‌పల్లి మీదుగా కారులో వస్తూంటే, చారలు చెరిగిన చోట చెయ్యెత్తి నిలబడ్డ మనిషి కనిపిస్తే, దయచేసి కాస్త ఆపండి. పెద్దాయన కాదు, యాభై ఆరే. ఇంట్లో చెప్పే వచ్చాడు. జేబులో చీటీ కూడా ఉంది.